కురిడీ కాగితాలు

ఆ వారమంతా పేపరు కట్ట బస్సు దిగకముందే మాణిక్యాలరావుగారి అరుగు నిండిపోతోంది.

మామూలు రోజుల్లో అది కొబ్బరికాయల బేరగాళ్ళ అరుగు. అంబాజీపేటలో ఇవాళ కాయ ఎంత పలికిందన్నది ముందు అక్కడ తేలి, తరవాతే ఊళ్ళోకి వెళ్ళేది. ఇప్పుడు ఆ బేరగాళ్ళే తలగుడ్డలు విప్పి ఒళ్ళో పెట్టుకుని, హైదరాబాదులో షేర్లు ఎంత పలికాయో వినడానికి కూర్చుంటున్నారు. వినిపించడం ఇంటి కొత్త కోడలు వీరలక్ష్మి వంతు. గుమ్మానికి లోపలివైపు పీట వేసుకుని, తడిజుట్టు చివర ముడి వేసుకుని, పేపరు మోకాళ్ళ మీద పరుచుకుని చదువుతుంది. అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి. అయినా ఆమెకి ఆ పని భలే ఇష్టం. మాఘమాసంలో పెళ్ళయింది, ఇంకా పసుపుతాడు పచ్చదనం పోలేదు. అప్పుడే తను నోరు విప్పగానే ఇంతమంది పెద్దవాళ్ళు దగ్గు కూడా ఆపుకుని వినడం ఆమెకి మెళ్ళో గొలుసుకంటే ముచ్చటగా ఉంది.

"విద్యుల్లత ఎలక్ట్రానిక్స్," అని ఆగింది.

"చెప్పమ్మా, పరవాలేదు."

"పదిహేడు."

అరుగు మీద ఎవరో "అమ్మ నాయనో" అన్నారు. ఉగాదికి నలభై దాటిన షేరు అది. హైదరాబాదు దగ్గర టీవీలు చేసే కంపెనీ. వచ్చే ఏడు కంప్యూటర్లు కూడా చేస్తుందని చెప్పుకున్నారు. కంప్యూటరంటే ఎలా ఉంటుందో ఆ అరుగు మీద ఎవరూ చూడలేదు. చూడకపోవడం వల్లే దాని మీద అందరికీ అంత గురి కుదిరింది.

"అమ్మేద్దామంటే కొనేవాడేడండీ?" అన్నాడు ముక్కామల నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చిన ఎర్రయ్య. "మా తోడల్లుడు నిన్నంతా ఫోన్ చేసేడంట. ఆ బ్రోకరు ఎత్తితేనా! టీవీలంటే చాలు, జనం పారిపోతన్నారంటండి."

మాణిక్యాలరావుగారు పడక్కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, చుట్ట చివర కొరికి పక్కన ఉమ్మారు. ఆయన గొంతు ఎప్పుడూ లేవదు. ధర ఎంత పడితే అంత నెమ్మదిగా మాట్లాడతారు.

"ఒరే ఎర్రయ్యా, కాయ ధర పడితే ఏం చేస్తావు?"

"అటకెక్కిస్తానండి."

"ఎక్కించి?"

"కింద కాస్త పొగెట్టుకుంటా కూచుంటానండి."

"ఏడాది తిరిగేసరికి?"

"కురిడీ అవుద్దండి. నీళ్ళింకిపోయి, లోపల కొబ్బరి గుడ్డు పెంకు నుంచి ఊడొచ్చేసి, కదిపితే గలగలమంటదండి. పచ్చికాయ మీద ఇంతకింత వస్తదండి."

"మరి ఇదీ అంతే. కంగారుపడి దింపుకున్నవాడే పోతాడు. కాగితాలు అటకెక్కించండి, ఇంటికెళ్ళండి."

అరుగంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎర్రయ్య నవ్వేడు కూడా. వీరలక్ష్మికి మామగారి మీద గౌరవం ఇంకో మెట్టు పెరిగింది. తన బీకాం పుస్తకాల్లో ఎక్కడా ఈ మాట ఇంత తేలిగ్గా లేదు.

ఆమె పేపరు మడుస్తుంటే వెనకనుంచి భర్త సత్తిబాబు వచ్చి, పేపరు అందుకుంటున్నట్టుగా వంగి, భుజం మీది తువ్వాలు ఆమె చేతి మీదికి జార్చాడు. దాని కింద ఆమె వేళ్ళు మూడు పట్టుకుని నొక్కాడు. కొట్టులో పదిమంది ముందు ధర బయటపెట్టకూడదనుకుంటే తువ్వాలు కప్పి వేళ్ళతోనే బేరం తేల్చుకుంటారు. ఆ భాష పెళ్ళైన వారానికే ఆమెకి నేర్పేశాడు. మూడు వేళ్ళంటే మూడింటికి అమలాపురం ప్రయాణం. ఆమె చిటికెనవేలితో అతని అరచేతిలో గిల్లింది. అంటే సరే అని. ఆ ఒక్కటీ ఆమె సొంతంగా కనిపెట్టింది.

*

మూడింటికి స్కూటరు మీద కాలవగట్టున పోతుంటే వీరలక్ష్మికి నవ్వు ఆగలేదు. ఎదురుగాలికి చెంగు నిలవనందుకు ఒకసారి, గేదె రోడ్డుకి అడ్డం నిలబడి వీళ్ళనే చూస్తున్నందుకు ఒకసారి, కారణం లేకుండా ఒకసారి నవ్వింది. అమలాపురంలో గోళీసోడా కొట్టించుకున్నారు. గోళీ టప్పుమన్నప్పుడల్లా ఆమె ఉలిక్కిపడుతుందని సత్తిబాబు రెండోది కూడా కొట్టించాడు.

వచ్చిన పని టీవీ కొనడం. గడియారస్తంభం దగ్గర బాలగంగాధరంగారి రేడియో షాపులో వరసగా పెట్టిన టీవీలన్నిట్లోనూ తన మొహమే కనిపిస్తుంటే వీరలక్ష్మి ముంగురులు సవరించుకుని, "మాకు విద్యుల్లత కావాలండి," అంది.

బాలగంగాధరంగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు. "ఏదీ, మళ్ళీ అనమ్మా."

"విద్యుల్లత టీవీ అండీ. మా కంపెనీ." పెళ్ళికి మామగారు గొలుసుతో పాటు ఆ కంపెనీ షేర్ల కాగితాలు ఐదు, ఒక్కోటీ వంద షేర్లది, ఆమె పేరున పెట్టారు. 'కొప్పిశెట్టి వీరలక్ష్మి' అని కొత్త ఇంటిపేరు మొదటిసారి అచ్చులో కనిపించింది వాటి మీదే. బీరువాలో పట్టుచీరల కింద దాచుకుని, చీర తియ్యాల్సిన పని లేకపోయినా తీసి చూసుకుంటూ ఉంటుంది.

"అడిగి కొనేవాళ్ళు ఒక్కరొచ్చారు, ఆగండి," అంటూ ఆయన నిచ్చెన తెచ్చి అటకకి ఆనించారు. "ఎన్ని కావాలమ్మా?"

వీరలక్ష్మి తలెత్తి చూసింది. అటక దూలాల దాకా అట్టపెట్టెలు. ప్రతి పెట్టె మీదా నీలం రంగు మెరుపుతీగ. మీద బూజు, బల్లిగుడ్లు.

"ఇన్ని తెప్పించేరేంటండీ?"

"నేనెక్కడ తెప్పించానమ్మా! నెలాఖరైతే చాలు, లారీ వచ్చి గుమ్మంలో ఆగుతుంది. అమ్ముడైతే డబ్బివ్వండి, కాకపోతే మీ దగ్గరే ఉండనివ్వండి అంటారు. మార్చి నెలలో అయితే వీధిగదిలో కూడా దింపేశారు, మా ఆవిడ నన్ను ఇంట్లోంచి దింపేసినంత పని చేసింది. కాకినాడలో మా బావమరిది కొట్టులోనూ ఇదే వరస. ఏడాదికి ఒక్కటి పోయిందమ్మా. అదీ వారానికి తిరిగొచ్చింది."

సత్తిబాబు పగలబడి నవ్వాడు. వీరలక్ష్మి కూడా నవ్వింది. నవ్వుతూనే, "మరి బిల్లెప్పుడు రాస్తారండీ?" అని అడిగింది.

"బిల్లు ఆ పూటే రాసేస్తారు. అమ్మేసినట్టే. అదేం సరదాయో వాళ్ళది."

వాళ్ళు ఏ టీవీ కొనకుండానే తిరిగొచ్చారు. దారిలో గేదె ఇంకా అక్కడే ఉంది. ఈసారి ఆమె నవ్వలేదు. సత్తిబాబు వెనక్కి తిరిగి, "ఏవోయ్ బీకాం, సోడా దిగలేదా?" అన్నాడు.

"కొంచెం వేగంగా పోనివ్వండి," అంది.

ఇంటికొచ్చి కంపెనీ వాళ్ళు పంపిన వార్షిక నివేదిక కోసం వెతికితే, అది వంటింట్లో ఆవకాయ జాడీ కింద దొరికింది. కాగితం నున్నగా, దళసరిగా ఉందని అత్తగారు సూరమ్మ జాడీ కింద వేసింది. కంపెనీ ఛైర్మనుగారి మొహం మీద గుండ్రంగా నూనె మరక. వీరలక్ష్మి దాన్ని పెరటి గుమ్మంలో వెలుతురుకి పట్టుకుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, పెదవులు కదుపుతూ లెక్క చూసుకుంది. కాలేజీలో పరీక్షకి రాసిన లెక్కలన్నీ ఎవరో కల్పించిన కంపెనీలవి. ఇదేమో నిజం కంపెనీ. తనది. చిక్కుముడి ఊడుతున్నకొద్దీ ఆమెకి భయం బదులు ఉత్సాహమే వచ్చింది.

"ఏవండీ, ఇలా రండి. ఇది అమ్మకాలు. నిరుటికి రెండింతలు. ఇది బయటినుంచి రావలసింది. నిరుటికి మూడింతలు. అమ్మినదానికంటే రావలసింది ఎక్కువ పెరిగిందంటే ఏంటి?"

"ఏంటి?"

"సరుకంతా బాలగంగాధరంగారి అటక మీద ఉందని! ఊరికో బాలగంగాధరంగారు. లాభం అని వేసినదంతా అదే. చేతికి పైసా రాలేదు, ఇదిగో, బాంకు అప్పుకి వడ్డీ మాత్రం కడుతున్నారు."

సత్తిబాబు పక్కన గొంతుకూర్చున్నాడు. "అయితే షేరు ఎంత చేస్తుందంటావు?"

ఆమె పెన్సిలు పళ్ళ మధ్య పెట్టుకుంది. "స్థలమూ, యంత్రాలూ అమ్మి అప్పులు తీరిస్తే, మనదాకా రెండో మూడో మిగలొచ్చండి. పదిహేడుకి పడిందని అందరూ ఏడుస్తున్నారు కానీ, ఏడైనా ఎక్కువే. మావయ్యగారు కురిడీ అంటున్నారు చూడండి, లోపల గుడ్డుంటే కదా ఎండడానికి? ఇది డొల్లకాయ."

"మరి ఆడిటర్లు చూడలేదా దీన్ని?"

"ఆడిటర్లు బాలగంగాధరంగారి నిచ్చెన ఎక్కరు కదండీ."

సత్తిబాబు ఆమెకేసి పెళ్ళిచూపులనాడు చూసినట్టు చూశాడు. తరవాత ఆమె రెండు చెవులూ పట్టుకుని తల అటూ ఇటూ ఊపి, "ఇదీ లోపల గలగలమంటోందే," అన్నాడు. ఆ సాయంత్రం ఆమెకి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

"రేపు అరుగు మీద వాళ్ళకి చెప్పేద్దామండి. పాపం ఎర్రయ్య..."

"ముందు నాన్నగారికి చెప్పనీ."

*

మర్నాడు విద్యుల్లత పధ్నాలుగు.

ఆ అంకె చదివి వీరలక్ష్మి మామగారి వైపు చూసింది. ఇప్పుడు చెబుతారు. మా కోడలు కనిపెట్టింది అంటారు కూడానేమో అని మెడ నిటారుగా పెట్టుకుంది.

"అటకెక్కించండి," అన్నారు మాణిక్యాలరావుగారు. నిన్నటి గొంతే. "కాయ ఇంకా పడనీ. పడేదాన్నెవడు ఆపుతాడు?"

ఈయన ఇంకా మావయ్యగారికి చెప్పలేదు కాబోలు అనుకుంది. కానీ అరుగు ఖాళీ అవగానే మామగారు మధ్యగదిలోకి వెళ్ళి హైదరాబాదుకి ట్రంకాల్ బుక్ చేశారు. లైను కలిసేసరికి వంటింట్లో మామిడికాయలు తరుగుతున్న అత్తాకోడళ్ళకి ఆయన అరుపు వినబడింది. ఆ గొంతు లేవడం వీరలక్ష్మి మొదటిసారి వినడం. "ఎంతకైనా సరే అమ్మెయ్యండి... ఆయ్, పదికైనా... అసలు అడిగేవాడే లేడా?... సరే అండి, ఉంచండి."

ఫోను పెట్టేసి ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చారు. "అమ్మాయ్, సత్తిబాబు చెప్పేడు. నీ బుర్రకి దండం పెట్టాలి. ముప్ఫై ఏళ్ళ వర్తకం నాది, నాకు తట్టలేదు."

వీరలక్ష్మి మొహం మామిడిటెంకలకేసి వంచేసుకుంది, సంతోషం కనబడకూడదని. "మరి అరుగు మీద వాళ్ళకి చెప్పలేదేంటండీ, మావయ్యగారూ?"

"చెబుదాం. ముందు మనం బయటపడాలి కదా," అని ఆయన పెరట్లోకి దిగారు.

పెరడంటే కొట్టే. అటక మీదనుంచి దింపిన కురిడీకాయలు రాశిగా పోసి ఉన్నాయి. ఏలూరు నుంచి వచ్చిన షావుకారొకాయన రాశి చుట్టూ తిరుగుతున్నాడు. పని చేసే అచ్చాయమ్మ ఒక్కో కాయనీ చెవి దగ్గర కదిపి, కత్తి మడమతో పెంకు కొట్టి, గుడ్డు పగలకుండా తీసి బుట్టలో వేస్తోంది. మాణిక్యాలరావుగారు ఒక కాయ తీసి కదిపారు. గజ్జెలా మోగింది.

"ఇది పుచ్చులా ఉందే అచ్చాయమ్మా, పక్కన పడెయ్."

అచ్చాయమ్మ మారుమాట్లాడకుండా దాన్ని ఇంటి గుమ్మం పక్కనున్న బుట్టలో పడేసింది. గుమ్మంలో నిలబడ్డ వీరలక్ష్మికి నవ్వొచ్చింది. ఇంటి వాడకానికీ, వేరే పెద్ద బేరానికీ మేలైన కాయలు తీసిపెట్టుకోవాలంటే, కొనేవాడి ముందు వాటిని పుచ్చులంటారు. ఆ బుట్టలోవన్నీ అలాంటి పుచ్చులే. ఈ మధ్యే సత్తిబాబు చెబితే తెలిసింది.

ఏలూరు షావుకారు వెళ్ళాక అచ్చాయమ్మ కత్తి కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"షావుకారుగారూ, ఆ కాయితాలు పడిపోయినాయంట కదండీ."

"పడ్డాయే."

"పడ్డప్పుడే కదండీ తమరు కొనేది. నేను చూత్తానే ఉన్నాను కదా. కాయ పడిందని ఊరంతా నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, తమరు బళ్ళు కట్టించి తోలించుకునేవోరు. నాకూ ఆ కాయితాలు ఇప్పించండి. మా ముత్యాలు పంపిన డబ్బుంది."

ముత్యాలు ఆమె కూతురు. కువైట్‌లో ఒకరింట్లో పనికి ఉంటోంది. కాలవగట్టు మీద తాటాకుపాక తీసేసి, అల్లవరం రోడ్డులో ఎక్కడైనా నాలుగు గోడలు లేపుకోవాలని ఆ డబ్బు. ఆ సంగతి కొట్టులో కాయలకి కూడా తెలుసు.

మాణిక్యాలరావుగారు ఇంకో కాయ తీసి కదిపారు, పెట్టేశారు. "అవి అమ్మేవి కావే. మా కోడలికి పెళ్ళికి పెట్టినవి."

వీరలక్ష్మి గుండె తేలికపడింది. ఎంత మర్యాదగా తప్పించారు అనుకుంది.

"అయినా అంతగా అడిగేవు కనక," అన్నారాయన, గుమ్మంలో ఉన్న ఆమె వైపు తిరక్కుండానే, "అమ్మాయినొకసారి అడిగి చూస్తాను."

*

షేర్లు చేతులు మారాలంటే ట్రాన్స్‌ఫర్ ఫారం మీద ఎవరి పేరున ఉన్నాయో వాళ్ళ సంతకం ఉండాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాణిక్యాలరావుగారు ఆ ఫారం బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా తమలపాకుల పళ్ళెం దాని మీద ఉంచారు.

"సంతకం పెట్టమ్మా."

"మావయ్యగారూ, అవి డొల్లవని మనకి తెలుసు కదండీ."

"మనకి తెలుసు. కొట్టి చూసుకోవడం కొనేవాళ్ళ పని. ఈ పెరట్లోంచి ఇన్ని రాశులు పోయాయి. లోపల ఎన్ని కుళ్ళున్నాయో నేనెవరికీ చెప్పలేదు. నాకమ్మినవాళ్ళూ చెప్పలేదు."

"కాయైతే కొట్టి చూసుకుంటుందండి. కాగితాన్నెలా కొడుతుంది?"

ఆయన నవ్వారు. నిజంగానే ముచ్చటపడి నవ్వారు. "అందుకేనమ్మా బొంబాయి వాళ్ళు కాగితం కనిపెట్టింది."

వీరలక్ష్మి భర్త కోసం చూసింది. సత్తిబాబు కిటికీ దగ్గర నిలబడి, తువ్వాలు కొసన దారాలు పీకుతున్నాడు. "నాన్నగారు నీ డబ్బు నీకు నిలబెడుతున్నారు వీరా," అన్నాడు. "ఆ వచ్చింది నీ పేరునే బాంకులో వేస్తారు. మనం ఎవర్నీ పిలవలేదు కదా. ఆవిడే వచ్చి అడిగింది."

"అచ్చాయమ్మతో ఒక్క మాట చెప్పాకే పెడతాను," అంది వీరలక్ష్మి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మామగారికి ఎదురు చెప్పడం ఇదే మొదలు. కేకలేస్తారనుకుంది.

మాణిక్యాలరావుగారు తమలపాకు ఈనె తీసి, సున్నం రాసి, మడిచి, బుగ్గన పెట్టుకున్నారు. "చెప్పు తల్లీ. ఉన్నదున్నట్టే చెప్పు. నేనొద్దనను," అన్నారు.

అంత సులువుగా ఒప్పుకుంటారనుకోలేదు. లేచి పెరట్లోకి వెళుతుంటే ఆమెకి ఆయన మీద మళ్ళీ గౌరవం లాంటిది కూడా కలిగింది.

అచ్చాయమ్మ నీడ జరిగిన చోటికి తన పీచుచాప జరుపుకుని పని చేసుకుంటోంది. వీరలక్ష్మి కొత్త చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఆమె పక్కనే మట్టిలో గొంతుకూర్చుంది.

"అయ్యో, చీర పాడైపోద్దండి చినమ్మగారూ!"

"పోనీలే. అచ్చాయమ్మా, ఆ కాగితాలు నువ్వు కొనకు."

కత్తి మడమ గాల్లో ఆగింది.

"ఆ కంపెనీ టీవీలు ఎవరూ కొనడంలేదు. అమలాపురంలో అటక మీద గుట్టలు పడి ఉండగా నా కళ్ళతో చూసేను. అమ్మేమని వట్టి రాతలు రాసుకుంటున్నారు. ఇది కాయ పడ్డట్టు పడి మళ్ళీ లేచేది కాదు. లోపల ఏమీ లేదు. డొల్ల."

అచ్చాయమ్మ వింటోంది. వింటున్నకొద్దీ ఆమె కళ్ళ పక్కన ముడతలు విచ్చుకుని, మెల్లిగా నవ్వయింది. "టీవీలు అటక మీదున్నాయాండీ?"

"అవును."

"ఆయ్. అటక మీదే కదండీ ఉండాలి." కాయ తిప్పి ఇంకో వైపు కొట్టింది. పెంకు రెండుగా విడి, గుడ్డు తడి లేకుండా చేతిలోకి జారింది. "చినమ్మగారూ, అమ్ముకోవాలనుకున్నోరు సరుకు చెడ్డదని చెప్తారాండీ ఎక్కడైనా? ఉంచుకోవాలనుకున్నోరే చెప్తారు." గుమ్మం పక్కనున్న బుట్ట వైపు గడ్డం ఎత్తి చూపింది. "ఆ పుచ్చులన్నీ ఏరింది నేనే కదండీ."

"అది కాదు అచ్చాయమ్మా, ఒట్టు. నా మీద ఒట్టు."

"ఒట్లెందుకండీ, పసుపుతాడు పచ్చిగా ఉంది." నవ్వు పోయింది. అచ్చాయమ్మ కత్తి కింద పెట్టింది. "మా ముత్యాలు అక్కడ ఎవరి అంట్లో తోమి పంపిన డబ్బండి. ఎవర్నీ దోచింది కాదు. తమరి పేరున ఉన్నంతకాలం బంగారం. పట్టుచీరల కింద దాచుకున్నారంట, సూరమ్మగారే చెప్పేరు. నా పేరుకి వచ్చేసరికి పుచ్చయిపోయిందాండీ?"

"నీ మంచికే చెబుతున్నాను..."

"నాకు మంచి జరిగితే చూడలేరని నేనన్లేదండి," అంటూ అచ్చాయమ్మ లేచింది. కళ్ళు తుడుచుకుంది, పీచుధూళి పడ్డట్టుగా. మాణిక్యాలరావుగారు అప్పటికే చేరిన అరుగు మీది పడక్కుర్చీ దగ్గరికి వెళ్ళి, మెట్టు కింద నిలబడింది. వీరలక్ష్మి ఆమె వెనకే వెళ్ళింది.

"షావుకారుగారూ, చినమ్మగారికి ఇవ్వడం ఇష్టం లేదండి. పధ్నాలుగు కాదు, తమరేమంటే అది ఇస్తాను. ఇప్పించండి."

మాణిక్యాలరావుగారు ఆమె తల మీదుగా కోడలికేసి చూశారు. ఆ చూపులో కోపం లేదు. మంచి బేరగాడిని చూసి ఇంకో బేరగాడు తలపంకించినట్టుంది. అప్పుడు అర్థమైంది వీరలక్ష్మికి, ఆయన చెప్పుకోమని ఎందుకన్నారో. తను కింద కూర్చుని, చీర మట్టి చేసుకుని, ఒట్టు పెట్టుకుని చెప్పిన ప్రతి మాటా ధర పెంచింది.

"మా కోడలు మనసు కష్టపెట్టుకుంటోందే," అన్నారాయన. "అయినా ఇన్నేళ్ళు నా కొట్టులో చేసేవు. చెయ్యి ఇలా తే."

భుజం మీది తువ్వాలు తీసి ఆమె చేతి మీద కప్పారు.

అచ్చాయమ్మ మొహం మారిపోయింది. తువ్వాలు కింద బేరాలు ఎన్ని జరుగుతుంటే చూసిందో ఆమె! అది షావుకార్ల వేళ్ళకే తప్ప కాయలు కొట్టే వేళ్ళకి దొరికేది కాదు. నల్లగా పీచుమరకలు పడ్డ ఆమె చెయ్యి ఆ తెల్లటి గుడ్డ కింద దాగిపోవడం వీరలక్ష్మి చూసింది. మాణిక్యాలరావుగారు నొక్కారు. అచ్చాయమ్మ కళ్ళు పైకెత్తి లెక్క చూసుకుంది. మళ్ళీ నొక్కారు. ఆమె ఎవరో పెద్దింటి మనిషిలా నిదానంగా తల ఊపింది.

"ఆయ్," అంది.

*

డబ్బు సాయంత్రానికే వచ్చింది, పాత గుడ్డసంచిలో, అగరొత్తుల వాసనతో. సూరమ్మ దాన్ని లోపల పెట్టి తలుపు వేసింది.

ఫారం ఇంకా తమలపాకుల పళ్ళెం కిందే ఉంది. వీరలక్ష్మి పెన్ను పట్టుకుని కూర్చుంది. ఎదురుగా మామగారు, పక్కన సత్తిబాబు. గుమ్మం బయట అచ్చాయమ్మ ఉతికిన చీర కట్టుకుని, నూనె రాసి దువ్వుకున్న తలతో, రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది.

"పెట్టండి చినమ్మగారూ. ఇందాక నోరు జారేను. మనసులో పెట్టుకోకండి. తమరి కాళ్ళు పట్టుకుంటాను."

ఈ గదిలో వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. తనైనా ఎవరి కోసం అనాలి? వీరలక్ష్మి మళ్ళీ ఒకసారి నోరు తెరిచింది. తెరిస్తే ఇంకో రూపాయి పెరుగుతుందేమో అనిపించి మూసుకుంది.

పెళ్ళికి ముందు శుభలేఖల వెనక ఎన్నిసార్లు రాసి చూసుకుందో ఆ సంతకం. 'కొ'కి కొమ్ములా ఒక మెలిక, 'లక్ష్మి' కింద పొడుగ్గా ఒక గీత. కంపెనీ దగ్గరున్న సంతకంతో సరిపోకపోతే కాగితం వెనక్కొస్తుందని ఆమెకి తెలుసు. పెన్ను కాగితానికి ఆనించి ఒక్క క్షణం ఆగింది. సత్తిబాబు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. మెత్తగా, ప్రేమగానే వేశాడు. మెలికా, గీతా రెండూ సరిగ్గానే పడ్డాయి.

"ఈ పూటకి మా బీకాం చేసిన బేరం, నాన్నగారు కూడా చేసి ఉండరు," అని సత్తిబాబు తువ్వాలు ఆమె చేతి మీద జార్చి, దాని కింద వేళ్ళు నొక్కాడు. ఎన్ని నొక్కాడో ఆమె లెక్కపెట్టలేదు. ఆ చెయ్యి అలాగే, ఎవరిదో అయినట్టు, గుడ్డ కింద ఉండిపోయింది.

కాగితాలు అందుకున్న అచ్చాయమ్మ వాటిని కళ్ళకద్దుకుంది. గడప దాటబోయి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"చినమ్మగారూ, మాది తాటాకు కప్పండి. వానొస్తే గిన్నెలు పెట్టుకోవాల. పేరు మార్పించేదాకా వీటిని తమరి దగ్గరే ఉంచుకుందురూ. తమరి చీరల కిందే. అక్కడైతే భద్రమండి."

వీరలక్ష్మి బీరువా తెరిచింది. పట్టుచీరలెత్తి, ఇంతకుముందు ఉన్నచోటే వాటిని పెట్టింది.

*

మర్నాడు అరుగు మీద ఎప్పటివాళ్ళే. మెట్టు కింద మాత్రం ఒక మనిషి ఎక్కువ. అచ్చాయమ్మ పనిలోకి వెళ్ళకుండా, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వినడానికి తనకీ ఇప్పుడు హక్కుంది.

వీరలక్ష్మి పేపరు విప్పింది. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి.

"విద్యుల్లత?" అన్నాడు ఎర్రయ్య.

"తొమ్మిది."

ఎర్రయ్య తలగుడ్డతో మొహం మొత్తం కప్పుకున్నాడు. మాణిక్యాలరావుగారు చుట్ట వెలిగించుకుంటున్నారు.

"పడనీండి," అంది కిందనుంచి అచ్చాయమ్మ, అందరికీ ధైర్యం చెబుతున్నట్టు. "పడ్డదాన్ని ఎవరాపుతారు? చినమ్మగారూ, ఒక్కసారి తెచ్చి చూపించరూ?"

వీరలక్ష్మి లేచి లోపలికి వెళ్ళి, బీరువాలోంచి ఐదు కాగితాలూ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. పట్టుచీరల కర్పూరం వాసన ఇంకా వాటిని వదల్లేదు. అచ్చాయమ్మ ఐదింటినీ ఒకటిగా కూర్చి, మడత నలగకుండా రెండు చేతులతో పట్టుకుని, అరుగు మీద వాళ్ళందరినీ ఒకసారి చూసి, చెవి దగ్గర పెట్టుకుని కదిపింది.

నిన్నటినుంచి నవ్వని మనుషులు గొల్లుమన్నారు. తలగుడ్డ తీసేసి ఎర్రయ్య కూడా నవ్వాడు.

"ఇంకా పచ్చిగానే ఉందండి," అని అచ్చాయమ్మ కూడా నవ్వుతూ, కాగితాలు తిరిగి వీరలక్ష్మికి అందించింది. "ఎక్కించెయ్యండి."